పిల్ల సుల్కాటా డిప్ప మీద గుట్టలు లేస్తున్నాయి: తిండి వల్లా, పొడి గాలి వల్లా?

నీలిఆకు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక సుల్కాటా తాబేలు పిల్ల ఉంది. తెలిసినవాళ్లు ఇక పెంచలేమని నాకు ఇచ్చారు, వయసు ఏడాది దాటి ఉంటుంది, అరచేతిలో నిండుగా సరిపోతుంది. చురుగ్గా తిరుగుతుంది, బాగా తింటుంది, కానీ డిప్ప చూస్తేనే భయంగా ఉంది. వీపు మీద నడిమి వరుసలో ఉన్న పలకలు, వాటికి రెండు పక్కలా ఉన్నవి, ఒక్కోటీ విడిగా గుట్టలా లేచి ఉన్నాయి. పలకకీ పలకకీ మధ్య వేలి గోరు దిగేంత గాడి ఉంది. ఆ గాడి అడుగున సన్నటి తెల్ల గీత కనిపిస్తోంది.

పైన మూత లేని చెక్క పెట్టెలో ఉంచుతున్నాను, అడుగున ఎండుగడ్డి, పైన వేడి బల్బు పగలంతా వెలుగుతుంది. గడ్డి, మల్బరీ ఆకు, మందార ఆకు, నాగజెముడు ముళ్లు తీసి పెడతాను, వారంలో కొన్నిసార్లు కాల్షియం పొడి చల్లుతాను. ఎవరిని అడిగినా "ప్రోటీన్ ఎక్కువైంది" అంటున్నారు. ఇందులో ప్రోటీన్ ఎక్కడుంది చెప్పండి! ఇది జబ్బా? ఈ గుట్టలు మళ్లీ అణుగుతాయా? నిజంగా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గడ్డిపరక:
ఇది పిరమిడింగ్ అండీ. తిండి ఎక్కువై వేగంగా పెరిగితే ఇలాగే అవుతుంది. మల్బరీ ఆకులో ప్రోటీన్ తక్కువేం కాదు. రోజు విడిచి రోజు పెట్టండి, ఆకులు తగ్గించి గడ్డి పెంచండి. మెల్లగా పెరిగితే డిప్ప నున్నగా వస్తుంది, చాలా ఏళ్లుగా అందరూ చెప్పేది ఇదే.

నిదానం:
నీలిఆకు గారూ, ముందు ఒక్క పని చేయండి. అడుగు డిప్పను, పై డిప్ప అంచులను బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉందా, పొట్ట నేల మీద నుంచి ఎత్తి నడుస్తోందా? ఈ రెండూ ఉంటే ఎముకలు మెత్తబడే జబ్బు దాదాపు కాదనే అనుకోవచ్చు, మీరు చెప్పిన ఆకారం పిరమిడింగ్‌దే.

గడ్డిపరక గారూ, తిండి మాట పూర్తిగా కొట్టేయను కానీ, మొదటి కారణం అది కాదు. 2003లో వీసనర్, ఐబెన్ అనే ఇద్దరు ఆస్ట్రియా పరిశోధకులు సరిగ్గా ఈ సుల్కాటాల మీదే పరీక్ష చేశారు. అప్పుడే గుడ్లలోంచి వచ్చిన 50 పిల్లలను ఐదు గుంపులు చేసి, గాలిలో తేమ, తిండిలో ప్రోటీన్ వేర్వేరుగా ఉంచి ఐదు నెలలు పెంచారు. పొడి గాలిలో పెరిగిన వాటికి గుట్టలు ఎత్తుగా వచ్చాయి, తేమ 45 నుంచి 99 శాతం మధ్య ఉన్న గుంపుల్లో తక్కువగా వచ్చాయి. ప్రోటీన్ ప్రభావం ఉంది కానీ చిన్నది. తిండి తగ్గించమని చెప్పడం సులువు, అందుకే ఆ మాట ఇంతకాలం నిలిచింది. దానివల్ల ఎన్నో పిల్లలు అర్ధాకలితో, అదే పొడి పెట్టెలో, మెల్లగా పెరిగి కూడా గుట్టలతోనే తేలాయి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

డిప్ప ఎలా పెరుగుతుందో తెలిస్తే సంగతి స్పష్టంగా అర్థమవుతుంది. కింద ఎముక ఉంటుంది, వెన్నెముక, పక్కటెముకలు దానిలోనే కలిసిపోయి ఉంటాయి. దాని మీద కెరటిన్ పలకలు, మన గోళ్లలో ఉండే పదార్థమే. తాబేలు ఎదిగేకొద్దీ కొత్త పలకలు పుట్టవు, ఉన్న పలక అంచు చుట్టూ కొత్త కెరటిన్ చేరుతూ పోతుంది. పలక నడుమ గరుకుగా కనిపించే చిన్న మచ్చ పుట్టిన రోజుది, దాని చుట్టూ ఉన్న చారలన్నీ తర్వాత వచ్చినవి. మీకు గాడిలో కనిపించిన తెల్ల గీత ఇప్పుడు పెరుగుతున్న చోటు. పెంచేవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏంటంటే, ఆ కొత్త చార తేమగా, మెత్తగా ఉన్నంతసేపు పక్కకి పరుచుకుంటుంది. పొడి గాలి తగిలితే పరుచుకోకముందే గట్టిపడి లోపలికి దిగుతుంది. అలా చార మీద చార దిగుతూ పోతే నడిమి భాగం ఎత్తుగా మిగులుతుంది, కింద ఎముక కూడా అదే ఆకారం పట్టేస్తుంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు: ఉన్న గుట్టలు అణగవు. కానీ గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంచితే, ఇకమీదట వచ్చే చారలు నున్నగా రావచ్చు. ఏడాది పిల్లకి ఇంకా చాలా పెరుగుదల ఉంది, పెద్దయ్యాక ఈ జాతి 40 కిలోలు దాటగలదు. అప్పటికి ఇప్పటి గుట్టలు ఆ పెద్ద డిప్పలో చిన్న భాగంగా మిగులుతాయి.

గడ్డిపరక:
నిదానం గారూ, నాకు ఒక సందేహం. సుల్కాటా సహారా దక్షిణపు అంచున బతికే జంతువు. ఎడారి పక్క జీవికి 80 శాతం తేమ పెట్టమంటే ఎలా? ప్రకృతిలో లేనిది మనం ఎందుకు పెట్టాలి?

వానచినుకు:
అన్నా, ఈ ప్రశ్న చాలా మంచిది, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆ ప్రాంతానికి వానాకాలం ఉంది. పచ్చిక మొలిచేది, పిల్లలు కడుపునిండా తిని పెరిగేది అప్పుడే. ఎండలు ముదిరాక తిండి దొరకదు, పెరుగుదల ఆగిపోతుంది, అవి నేల కింద బొరియల్లో దాక్కుంటాయి. బొరియలో గాలి బయటి గాలిలా పొడిగా ఉండదు, మట్టి చెమ్మ ఉంటుంది. సుల్కాటాలు బొరియలు తవ్వడంలో ఘనులు, మీటర్ల లోతుకి వెళ్లిపోతాయి. పిల్లలైతే పొదల వేళ్ల కింద, గడ్డి దుబ్బుల్లో దూరి పడుకుంటాయి, బయట కనిపించడమే తక్కువ.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. తిండి వానాకాలంలా రోజూ దొరుకుతుంది, గాలి మాత్రం ఎండాకాలంలా ఉంటుంది, పైగా నెత్తిన బల్బు. అంటే అడవిలో ఎప్పుడూ జరగని పని, పూర్తిగా పొడి గాలిలో వేగంగా పెరగడం, మన పెట్టెలో రోజూ జరుగుతోంది. వాతావరణ పట్టికలో ఆ ప్రాంతపు తేమ చూసి పెట్టె సిద్ధం చేయడం కన్నా, ఆ పిల్ల అసలు ఎక్కడ దూరి గడుపుతుందో ఆ చోటి తేమ చూడాలి.

గడ్డిపరక:
బొరియ సంగతి నేను ఇలా ఆలోచించలేదు. సరే, తేమ మాట ఒప్పుకుంటాను. కానీ పీచు తక్కువ, పండ్లు ఎక్కువ పెట్టేవాళ్లకి నా మాట ఇప్పటికీ అదే. గడ్డి తినే జాతికి పండు పెడితే కడుపు చెడుతుంది, కుక్క తిండి పెడితే ఇంకా ఘోరం, తేమ ఎంత పెట్టినా దానికి మందు కాదు.

నిదానం:
అందులో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను.

మట్టిపరుపు:
నీలిఆకు గారూ, పెట్టె సంగతి నేను చెప్తాను, నా పిల్లలన్నీ మూసిన పెట్టెలోనే పెరిగాయి.

మీ పెట్టెకి మూత లేదు, అసలు ఇబ్బంది అక్కడే. మీరు ఎంత నీళ్లు చల్లినా వేడి గాలి పైకి లేచి తేమంతా మోసుకుపోతుంది. మూత వేసి, బల్బులు లోపలికి తీసుకోండి, గాలి ఆడటానికి కొద్దిగా సందు చాలు. ఎండుగడ్డి మొత్తం తీసేయండి, తడిస్తే బూజు పడుతుంది, తేమ నిలవదు. దాని బదులు కోకోపీట్ (కొబ్బరి పొట్టు) గానీ, సన్నటి చెట్టు బెరడు ముక్కలు గానీ నాలుగు వేళ్ల మందాన వేయండి. తడపడం పైనుంచి చల్లడం కాదు, మూలల్లో గోరువెచ్చటి నీళ్లు పోయండి. నీళ్లు అడుగుకు చేరి అక్కడి నుంచి మెల్లగా ఆవిరవుతాయి, పై పొర మాత్రం చేతికి ఆరినట్టు తగులుతుంది. చేత్తో గుప్పెడు తీసి పిండితే ముద్ద కట్టాలి కానీ నీళ్లు కారకూడదు.

వేడి బల్బు ఏ రకమో చెప్పలేదు. సన్నగా ఒకేచోట పడే స్పాట్ బల్బు అయితే వెంటనే మార్చండి. పెట్టె మొత్తంలో 80 శాతం తేమ ఉన్నా ఆ బల్బు కింద కూర్చున్న పిల్ల వీపు మాత్రం ఎండిపోతూనే ఉంటుంది, గుట్టలు లేచేదీ సరిగ్గా వీపు మీదే. వేడి వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ బల్బు తీసుకోండి, దాని కింద 35 డిగ్రీలు వచ్చేలా ఎత్తు సర్దండి. రాత్రికి వెలుగు లేని సెరామిక్ హీటర్ వాడండి, థర్మోస్టాట్ తప్పనిసరిగా ఉండాలి, అది లేకుండా హీటర్ పెట్టడం ప్రమాదం. తేమ మీటర్ని గోడకి పైన తగిలించకండి, తాబేలు వీపు ఎత్తులో పెట్టండి. పైన 50 చూపించిన పెట్టెలో కింద 80 ఉండొచ్చు, దీనికి తిరగబడి కూడా ఉండొచ్చు.

ఒక మూలకి చిన్న గూడు పెట్టండి, ప్లాస్టిక్ డబ్బాకి తలుపంత కన్నం కోసి బోర్లించినా చాలు. లోపల మిగతా చోటికన్నా తడి ఎక్కువ ఉంచండి. పిల్ల రోజులో ఎక్కువసేపు పడుకునేది అందులోనే, కాబట్టి పెట్టె మొత్తం కన్నా ఆ గూడే ఎక్కువ పని చేస్తుంది.

నిదానం:
మట్టిపరుపు గారు చెప్పినదానికి స్నానం కలపండి. రోజూ ఒకసారి, గోరువెచ్చటి నీళ్లలో, పై డిప్ప కింది డిప్ప కలిసే చోటి దాకా మునిగేలా, 15 నుంచి 20 నిమిషాలు. తల ఎప్పుడూ సులువుగా పైకి రావాలి, నీళ్లు చల్లారితే మార్చాలి, పక్కన మనిషి ఉండాలి. అది గటగటా తాగుతుంది, విసర్జిస్తుంది. తెల్లగా వచ్చేది టూత్‌పేస్ట్‌లా మెత్తగా ఉంటే మంచిదే. ఇసుకలా గరగరలాడితే ఒంట్లో నీళ్లు చాలడం లేదని అర్థం. తెల్లగా వచ్చింది కదా అని చాలామంది కంగారు పడతారు, చూడాల్సింది రంగు కాదు, గరుకు.

సాయంవేళ:
మీరంతా తేమ తేమ అంటున్నారు, నాకు భయంగా ఉంది. తడిలో ఉంచితే డిప్ప కుళ్లుతుందని, ముక్కు కారి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని విన్నాను. నా దగ్గర ఉన్నది రష్యన్ తాబేలు, దానికి కూడా ఇదంతా అవసరమా?

పత్రహరితం:
నేను పశువైద్యశాలలో సహాయకురాలిగా పని చేస్తాను, తాబేళ్లు తరచూ వస్తుంటాయి, అందుకే దీనికి నేను జవాబిస్తాను. సాయంవేళ గారూ, మీ భయం అర్థం లేనిది కాదు, కాకపోతే జబ్బు తెచ్చేది తడి, చలి రెండూ కలిస్తే. సుల్కాటా, లెపర్డ్ లాంటి ఉష్ణప్రాంతపు పిల్లలకు తేమ పెడుతుంటే రాత్రి కూడా పెట్టెలో 27 డిగ్రీలకన్నా తగ్గనివ్వకండి. కరెంటు పోయి పెట్టె చల్లబడితే పెద్ద సమస్య అదే. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ చాచి ఈల లాంటి శబ్దం, ఇవి కనిపిస్తే మర్నాటి దాకా ఆగవద్దు.

డిప్ప కుళ్లడం ఎక్కువగా అడుగున మొదలవుతుంది. వారానికోసారి తిప్పి చూడండి, ఎక్కువసేపు తలకిందులుగా పట్టుకోకండి. గుంట పడటం, రంగు మారిన మచ్చ, వేలితో తాకితే మెత్తగా తగలడం, దుర్వాసన, వీటిలో ఏదున్నా డాక్టర్‌కి చూపించాలి. పై పొర ఆరి ఉండి, మురికి ఎప్పటికప్పుడు తీస్తుంటే, లోపల వెచ్చగా ఉంటే, ఇది అరుదు.

రష్యన్, హెర్మన్ తాబేళ్లకు రాత్రి కొంత చల్లదనం అలవాటే, పెద్దవాటిని సుల్కాటా పిల్లల్లా మూసిన వేడి పెట్టెలో పెట్టక్కర్లేదు. కానీ వాటి పిల్లలకు కూడా ఒక తడి గూడు, తవ్వుకోవడానికి చెమ్మ మట్టి, రోజూ స్నానం కావాలి. రెడ్‌ఫుట్ తాబేలు అయితే అడవి అంచుల జీవి, దానికి జీవితమంతా తేమ కావాలి, తిండిలో కొంత పండు కూడా దానికి సరిపోతుంది. ఒక జాతికి రాసిన పట్టిక ఇంకో జాతికి పెట్టకండి.

చిరుజల్లు:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. నా పిల్ల లెపర్డ్ తాబేలు. గుట్టలు పెద్దగా లేవు, కానీ డిప్ప వెనక భాగం కిందికి కుంగింది, నొక్కితే కొంచెం వంగుతోంది. వెనక కాళ్లు ఈడుస్తోంది. వయసు దాదాపు రెండేళ్లు. కిటికీ దగ్గర ఎండ పడేచోట ఉంచుతాను, అద్దం మాత్రం మూసే ఉంటుంది. దీనికి కూడా తేమ పెంచితే సరిపోతుందా?

పత్రహరితం:
లేదండీ, మీది వేరే సంగతి, దయచేసి ఈ రోజే సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పుట్టిన కొత్తలో డిప్ప కాస్త వంగడం మామూలే. రెండేళ్ల పిల్లకి వంగకూడదు. మీరు చెప్పిన గుర్తులు ఎముకల జబ్బువి. కాల్షియం తక్కువై శరీరం ఎముకల్లోంచే తీసుకుంటోంది.

అద్దం మాట చెప్పడం మంచిదైంది. ఎండలో యూవీబీ కిరణాలు, 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి, చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. వెలుగు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, అసలు కావాల్సింది రాదు. అద్దం వెనక గంటల తరబడి ఎండ కాచుకున్న పిల్లలను నేను చాలా చూశాను, వాటి యజమానులందరూ ప్రేమగా పెంచినవాళ్లే.

డాక్టర్ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే రక్తపరీక్ష చేస్తారు. ఈలోగా మీరే డీ3 చుక్కలు ఎక్కువెక్కువ పోయకండి, అది మితిమీరితే విషమే. ఎత్తైన చోట తిరగనివ్వకండి, ఈ దశలో ఎముకలు సులువుగా విరుగుతాయి.

చిరుజల్లు:
బయల్దేరుతున్నాను. థాంక్స్ అక్కా.

మట్టిపరుపు:
నీలిఆకు గారూ, మీరు యూవీబీ ట్యూబ్ ఊసే ఎత్తలేదు. మీ దగ్గర ఉన్నది వేడి బల్బు ఒక్కటేనా? పిరమిడింగ్, మెత్తటి ఎముకలు రెండూ వేరే సమస్యలే కానీ ఒకే తాబేలుకి రెండూ రావచ్చు. ట్యూబ్ పెట్టాక కూడా దాని వయసు రాసుకోండి. వెలుగు మామూలుగానే ఉంటుంది కానీ యూవీబీ మెల్లగా పడిపోతుంది, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి. ట్యూబుకీ తాబేలుకీ మధ్య సన్న జాలీ ఉంటే కొంత, ప్లాస్టిక్ గానీ అద్దం గానీ ఉంటే దాదాపు మొత్తం పోతుంది. కుదిరినప్పుడు నేరుగా ఎండలో తిప్పండి, పక్కనే నీడ ఉండాలి, చిన్న పిల్లలు ఎండలో చాలా త్వరగా వడదెబ్బ తింటాయి.

గడ్డిపరక:
కాల్షియం గురించి ఒక మాట. పొడి చల్లడంతో పని అయిపోదు, తిండిలో భాస్వరం కన్నా కాల్షియం కనీసం రెండింతలు ఉండాలి. పాలకూర లాంటి ఆకుల్లో ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, రోజూ పెట్టవద్దు. నాగజెముడు మీరు పెడుతున్నారు కదా, అది చాలా మంచి తిండి. ఒక కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని సున్నపు పెంకు) ముక్క పెట్టెలో పడేసి ఉంచండి, కావాలనుకున్నప్పుడు కొరుక్కుంటుంది, ముక్కు కూడా అరిగి సరిగ్గా ఉంటుంది.

నీలిఆకు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. డిప్ప గట్టిగానే ఉంది, పొట్ట ఎత్తే నడుస్తోంది. ట్యూబ్ ఉంది కానీ దానితోపాటే వచ్చింది, వయసు తెలియదు, కొత్తది తెస్తున్నాను. పెట్టెకి మూత వేసి కోకోపీట్ పోశాను. మీటర్ వీపు ఎత్తులో పెడితే మొదట 38 చూపించింది, ఇప్పుడు 80 దగ్గర నిలబడుతోంది. పిల్ల గూట్లో దూరి ముక్కు వరకు మట్టిలో పూడ్చుకుని పడుకుంటోంది, ఇంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు.

ఇంకో రెండు ప్రశ్నలు. డిప్పకి నూనె రాస్తే తేమ నిలుస్తుందా? గుట్టల పైభాగం మెల్లగా అరగదీయొచ్చని ఎక్కడో చదివాను, అది నిజమేనా?

నిదానం:
అరగదీయడం మాత్రం ఎప్పటికీ వద్దు. పలక కింద ప్రాణమున్న ఎముక ఉంది, రక్తం ఉంది, నొప్పి తెలుస్తుంది. గుట్ట లోపల ఎముక కూడా లేచే ఉందని పైన చెప్పాను కదా, అరగదీస్తే గాయం తప్ప ఆకారం రాదు. రంగులు, మెరుపు పాలిష్‌లు కూడా వద్దు. నూనె రాస్తే ఫోటోలో అందంగా కనిపిస్తుంది, అంతే. దుమ్ము, మురికి దానికి అంటుకుంటాయి. రోజుకి రెండు మూడుసార్లు వీపు మీద గోరువెచ్చటి నీళ్లు చల్లండి, అది చాలు, అయితే వేడి ఉన్న వేళల్లోనే చల్లాలి.

తిండి మాత్రం తగ్గించకండి. నున్నగా పెరగాలంటే మెల్లగా పెరగాలనేమీ లేదు, తేమ సరిగ్గా ఉంటే వేగంగా పెరిగినవి కూడా నున్నగానే వస్తాయి.

వానచినుకు:
ఎవరైనా నక్షత్ర తాబేలు గురించి అడిగేలోపు చెప్తాను. దానికి, దక్షిణాఫ్రికా టెంట్ తాబేలుకి అడవిలో కూడా పలకలు కొంత ఎత్తుగా ఉంటాయి, అది వాటి సహజ రూపం. పొడి పెట్టెలో పెరిగితే మాత్రం అవి కూడా మామూలుకన్నా ఎత్తుకు లేస్తాయి. నక్షత్ర తాబేలుని 2019లో సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలోకి చేర్చారు, అడవిలోంచి పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పిల్లని దయచేసి కొనకండి.

చిరుజల్లు:
డాక్టర్ చూశారు. ఎక్స్‌రేలో ఎముకలు పలచగా ఉన్నాయి, విరగలేదు. కాల్షియం మొదలుపెట్టారు, కొత్త యూవీబీ ట్యూబ్ రాశారు, మళ్లీ రమ్మన్నారు. కుంగిన ఆకారం పూర్తిగా సరికాదని, కానీ డిప్ప గట్టిపడుతుందని చెప్పారు. ఇవాళ కాస్త ఆకు తింది.

పత్రహరితం:
విరగకపోవడం చాలా మంచి కబురు. తిండి మొదలైతే సగం ధైర్యం వచ్చినట్టే. మందు మోతాదు దాని బరువు మీద ఆధారపడుతుంది, కాబట్టి వారం వారం ఒకే త్రాసు మీద తూచి రాసి పెట్టుకోండి, డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

నీలిఆకు:
కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చాను. దగ్గరగా తీసిన ఫోటోలు పెట్టాను, చూడండి. గాడుల్లో కొత్త చార వచ్చింది, లేత రంగులో ఉంది, బియ్యపు గింజ మందం ఉంటుంది. పాత చారలన్నీ మెట్లలా కిందికి దిగాయి, ఇది మాత్రం పక్కకి పరుచుకుంది. వేలు పెట్టి రాస్తే గాడి ముందున్నంత లోతుగా లేదు. వీపు నడిమి వరుసలో రెండో పలక దగ్గర మాత్రం ఇంకా కొంచెం దిగుతున్నట్టుంది.

నిదానం:
చూశాను, చాలా సంతోషంగా ఉంది. కొత్త చార సరైన దారిలో వస్తోంది. రెండో పలక సరిగ్గా బల్బు కిందికి వచ్చే చోటేమో గమనించండి. పిల్ల ఎప్పుడూ ఒకేచోట ఎండ కాచుకుంటుంటే బల్బుని ఇంకాస్త ఎత్తి, పక్కన రెండోది తక్కువ వాట్‌ది పెట్టండి, వేడి ఒక్కచోటే పడకుండా ఉంటుంది. తేమ మాత్రం ఇప్పుడే తగ్గించకండి, కొత్త చార బాగుందని మూత తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కనీసం ఇంకో ఏడాది, రెండేళ్లు ఇలాగే సాగనివ్వండి. ఈ పెట్టెలో పట్టనంత అయినప్పుడు మీరు బయట తిప్పే చోటు ఎలా సిద్ధం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం, తడి గూడు మాత్రం అక్కడ కూడా ఉండాలి.